నీటి ఛార్జీల పెంపు: స్లాబులు పెడితే న్యాయం జరిగినట్టేనా?

చెరువుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నగర నీటి సంస్థ ఛార్జీల మార్పుకి ముసాయిదా విడుదల చేసింది. అభ్యంతరాలకి నెల గడువు. అంత పెద్ద ముసాయిదా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం అసలు సంగతి చెప్తాను.

నెలనెలా కట్టే ఫిక్స్‌డ్ ఛార్జీ ఇప్పుడు 3 కిలోలీటర్ల (కిలోలీటరంటే వెయ్యి లీటర్లు) నీటి ఖరీదంత ఉంది. అది 8 కిలోలీటర్ల ఖరీదంత అవుతుంది. ఇప్పటిదాకా ఎంత వాడినా కిలోలీటరుకి ఒకటే రేటు, ఇకమీదట మూడు స్లాబులు: 15 కిలోలీటర్ల దాకా ఇప్పటి రేటే, 15 నుంచి 30 దాకా ఒకటిన్నర రెట్లు, 30 దాటితే రెండున్నర రెట్లు. మురుగునీటి ఛార్జీ ఇప్పుడు ఇంటికి ఇంత అని ఉంది, దాన్ని నీటి బిల్లులో 30 శాతంగా మారుస్తారు. కొత్త కనెక్షన్ ఫీజు రెట్టింపు. ఆ పైన ఏటా 5 శాతం దానంతటదే పెరుగుతుంది.

నేనైతే స్లాబులకి అనుకూలం. తోట తడుపుకునేవాళ్ళకీ, తాగడానికి పట్టుకునేవాళ్ళకీ ఒకే రేటు ఏమిటసలు? ఫిక్స్‌డ్ ఛార్జీ పెంపు మాత్రం దోపిడీలా ఉంది. కుళాయి తిప్పకపోయినా కట్టాలా? మీరేమంటారు?

లెక్కలపుస్తకం

చెరువుగట్టు గారూ, మీరు కుళాయి తిప్పకపోయినా సంస్థకి ఖర్చు ఆగదండీ. ఆ ఖర్చులో ఎక్కువ భాగం పైపులు, పంపులు, శుద్ధి కేంద్రాలు, వాటి కోసం తెచ్చిన అప్పుల వాయిదాలు, జీతాలు. మీరు పది వేల లీటర్లు వాడినా రెండు వేలు వాడినా ఇవి మారవు. మారేదల్లా కాస్త కరెంటు, కాస్త క్లోరిను. బస్సులో పదిమంది ఎక్కినా నలభైమంది ఎక్కినా డ్రైవరు జీతం ఒకటే కదా, ఇదీ అంతే.

రాబడి అంతా వాడకం మీదే ఆధారపడితే ఏమవుతుందో కేప్‌టౌన్‌లో చూశాం. 2018లో కరువు ముదిరినప్పుడు మనిషికి రోజుకి 50 లీటర్లు మించొద్దన్నారు. జనం మాట విన్నారు. నగరం మొత్తం వాడకం కరువు ముందటి కంటే సగానికి పైగా పడిపోయింది. దాంతోపాటే రాబడీ పడిపోయింది. ఆ ఏడాది జూలై నుంచి పైపు సైజును బట్టి ఫిక్స్‌డ్ ఛార్జీ వేయాల్సి వచ్చింది.

నిలదీత

అంటే చెప్పిన మాట విని పొదుపు చేసినందుకు జనానికి జరిమానా వేశారన్నమాట. మీరు దాన్ని ఆదర్శంగా చూపిస్తున్నారు!

నీళ్ళు హక్కు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జూలై 28న తీర్మానం చేసి మరీ ఒప్పుకుంది. హక్కుకి రేటు కార్డేమిటి? ఐర్లండ్‌లో ఇళ్ళకి నీటి ఛార్జీలు వేస్తామన్నప్పుడు 2014లో జనం వేలల్లో రోడ్డెక్కారు. అయినా 2015లో మొదలుపెట్టారు, 2016లో ఆపేశారు, కట్టినవాళ్ళకి డబ్బు తిరిగిచ్చారు. బొలీవియాలోని కొచబాంబాలో నీటి సరఫరాని ప్రైవేటు వాళ్ళకి అప్పగించి రేట్లు పెంచితే ఊరు ఊరంతా తిరగబడింది, 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందమే రద్దయింది. అడ్డుకోవాలనుకుంటే అడ్డుకోవచ్చు. మనం మాత్రం ఏ స్లాబు బాగుంటుందా అని వాళ్ళ లెక్కలు వాళ్ళకి సరిచేసి పెడుతున్నాం.

లెక్కలపుస్తకం

కొచబాంబా కథ అక్కడితో ఆపేస్తే ఎలాగండీ. ఒప్పందం రద్దయి సంస్థ మళ్ళీ జనం చేతికి వచ్చాక కూడా, నగరం దక్షిణాన ఉన్న పేద బస్తీల్లో చాలావాటికి ఏళ్ళ తరబడి పైపు రాలేదు. పైపు వేయడానికి డబ్బు కావాలి. ఐర్లండ్‌లో ఆ ఖర్చు పన్నుల్లోంచి కడుతున్నారు, అంటే అక్కడా కట్టేది జనమే. పన్నుల్లోంచి కడదాం అంటారా, అదొక పద్ధతి, దాని మీద వాదించుకోవచ్చు. ఎవరూ కట్టక్కర్లేదు అనే పద్ధతి మాత్రం ఎక్కడా లేదు.

గుండుసున్నా

గొడవ పడేముందు లెక్క వేసి చూద్దాం. ఇప్పటి కిలోలీటరు రేటుని 1 పాయింటు అనుకోండి. మురుగు ఛార్జీ ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

ఒంటరిగా ఉండే ముసలావిడ, నెలకి 4 కిలోలీటర్లు. ఇప్పుడు 3+4, అంటే 7 పాయింట్లు. రేపు 8+4, అంటే 12. పెరుగుదల 71 శాతం.

నలుగురున్న ఇల్లు, మనిషికి రోజుకి 100 లీటర్ల లెక్కన నెలకి 12 కిలోలీటర్లు. ఇప్పుడు 15 పాయింట్లు, రేపు 20. పెరుగుదల 33 శాతం.

తోటా, కారు కడుగుడూ ఉన్న పెద్ద ఇల్లు, 40 కిలోలీటర్లు. ఇప్పుడు 43. రేపు ఫిక్స్‌డ్ 8, మొదటి స్లాబుకి 15, రెండోదానికి 22.5, మూడోదానికి 25, మొత్తం 70.5. పెరుగుదల 64 శాతం.

ఎక్కువ వాడేవాళ్ళని కట్టడి చేసే ముసాయిదా అన్నారు కదా, అందరికంటే ఎక్కువ శాతం దెబ్బ అందరికంటే తక్కువ వాడే ముసలావిడకి పడింది. స్లాబులతో ఇచ్చినట్టే ఇచ్చి ఫిక్స్‌డ్ ఛార్జీతో లాగేసుకున్నారు.

ఒక సందేహం. 30 దాటితే రెండున్నర రెట్లు దాటిన నీటికేనా, మొత్తానికా? ఢిల్లీలో 2015లో 20 కిలోలీటర్లు ఉచితం అన్నప్పుడు, అది దాటితే మొత్తం నీటికీ బిల్లు వేసేలా పెట్టారు. అలాంటి చోట ఒక్క బకెట్టు ఎక్కువైనా బిల్లు అమాంతం మారిపోతుంది.

చెరువుగట్టు

దాటిన నీటికే. ఆ వాక్యం స్పష్టంగానే ఉంది. ముసలావిడ లెక్క చూశాక ఫిక్స్‌డ్ ఛార్జీ మీద నా కోపం ఇంకా పెరిగింది.

మేడమీదగది

అందరూ ఇల్లు, ఇల్లు అంటున్నారు. స్లాబు కొలిచేది ఇంటిని కాదు, మనుషుల్ని అసలే కాదు. మీటరుని.

మేముండే బిల్డింగులో ఆరు కుటుంబాలకి ఒకటే మీటరు. కుటుంబానికి నలుగురు, గుండుసున్నా గారి లెక్క ప్రకారమే తలా 100 లీటర్లు, మొత్తం 72 కిలోలీటర్లు. ఇందులో 42 కిలోలీటర్లు పై స్లాబులోకే పోతాయి. మా వాళ్ళెవరికీ తోటల్లేవు, కార్లూ లేవు. మనిషికి నెలకి 3 కిలోలీటర్లు వాడే మేము 'విచ్చలవిడిగా వాడేవాళ్ళం'. ఒక్కడే ఉండి 14 కిలోలీటర్లు వాడే ఆసామి 'పొదుపరి', ఆయనకి అన్నింటికంటే చౌక రేటు.

ఇదేం కొత్త సంగతి కాదు. ఘనాలోని కుమాసిలో ఒక్కో ఇంట్లో బోలెడు కుటుంబాలు ఒకే కనెక్షన్ వాడుకునేవి. పేదలకి మేలని పెట్టిన స్లాబులు అలాంటి వాళ్ళకే ఎదురు తిరుగుతాయని డేల్ విటింగ్టన్ అనే ఆర్థికవేత్త 1992లోనే రాశాడు. అయినా ప్రతి నగరమూ స్లాబులనగానే పేదల పక్షం అని బోర్డు తగిలించుకుంటుంది.

లెక్కలపుస్తకం

మీ మాటలో నిజం ఉంది, కానీ సగమే. ఫిక్స్‌డ్ ఛార్జీ మీటరుకి ఒకటే. ఎంతమంది పంచుకుంటే తలా అంత తక్కువ. ఒక మీటరు మీద మూడు కుటుంబాలున్నాయనుకోండి, 36 కిలోలీటర్లు. కొత్త బిల్లు 8+15+22.5+15, అంటే 60.5. కుటుంబానికి 20 పాయింట్ల చిల్లర. సొంత మీటరున్న నలుగురి ఇంటికీ 20 పాయింట్లే కదా. అంటే మీరంతా దోపిడీ అంటున్న ఫిక్స్‌డ్ ఛార్జీయే ఇక్కడ మీటరు పంచుకునేవాళ్ళని కాపాడింది.

మేడమీదగది

మూడు దగ్గర ఆపేశారేం? ఆరుకి వేయండి. 8, 15, 22.5, ఆపైన 105. మొత్తం 150.5. కుటుంబానికి 25 పాయింట్లు. సొంత మీటరున్న ఇంటికి 20. ఇప్పుడు మేం కుటుంబానికి 12.5 కడుతున్నాం, అంటే దాదాపు రెట్టింపు. పెద్ద ఇంటికి 64 శాతం, మాకు 100 శాతం.

దీనిమీద మురుగు ఛార్జీ 30 శాతం. అది నీటి మీద కాదు, నీటి బిల్లు మీద. పై స్లాబు రేటుతో ఉబ్బిన బిల్లుకి మళ్ళీ 30 శాతం. మేము కడిగిన అంట్ల నీళ్ళు ఏమైనా ఎక్కువ మురికా?

గుండుసున్నా

ఆరు కుటుంబాల లెక్క సరిచూశాను, కరెక్టే. నా జాబితాలో మీటరు పంచుకునేవాళ్ళే లేరు, వాళ్ళని కలిపితే ముసలావిడ రెండో స్థానానికి దిగిపోతుంది.

తూము

మురుగు ఛార్జీ సంగతి వచ్చింది కాబట్టి. దాన్ని నీటి వాడకానికి ముడిపెట్టడం చాలా చోట్ల ఉన్నదే. వచ్చిన నీళ్ళలో ఎక్కువ భాగం కాలువలోకే పోతాయి కాబట్టి మీటరు చూస్తే చాలని లెక్క. చెట్లకి పోసింది మాత్రం నేలలోకి పోతుంది. అందుకే అమెరికాలో కొన్ని నగరాలు తోటలకి నీళ్ళు పెట్టని చలికాలపు వాడకాన్ని సగటు తీసి, దాని మీదే ఏడాదంతా మురుగు ఛార్జీ వేస్తాయి. అది లీటర్ల మీద వేసే లెక్క. మేడమీదగది గారన్నట్టు రూపాయల మీద శాతం వేయడం సోమరి పద్ధతి. శుద్ధి కేంద్రానికి వచ్చే ప్రతి కిలోలీటరు మురుగుకీ ఖర్చు ఒకటే, అది ఏ స్లాబులోంచి వచ్చిందో దానికి అనవసరం.

ఇంకోటి ఎవరూ అడగలేదు. వాన నీటి కాలువల ఖర్చు ఎక్కడ కలిపారు? మురుగు ఖాతాలోనే కలిపేసి ఉంటే, వేల గజాలు సిమెంటు చేసిన పార్కింగు స్థలం వాళ్ళు, అక్కడ ఒక్క కుళాయే ఉంటే, ఆ ఖర్చులో దాదాపు ఏమీ కట్టరు. వాన పడితే కాలువల మీద భారమంతా అక్కడినుంచే. జర్మనీలో ఈ రెండింటినీ విడదీశారు: మురుగుకి వాడిన నీటిని బట్టి, వాన నీటికి నేల ఎంత మేర కప్పేశారో దాన్ని బట్టి. ముసాయిదాలో వాన నీటి ఊసే లేదంటే, ఎక్కడో దాని ఖర్చు మన బిల్లులోనే దాక్కుని ఉంటుంది.

పైపులాయన

నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కడ అన్నది వదిలేయండి.

మీరంతా మీటరు నిజం చెప్తుందని నమ్మి లెక్కలు వేస్తున్నారు. పాత మీటర్లు అరిగేకొద్దీ నెమ్మదిగా తిరుగుతాయి, వాడినదానికంటే తక్కువ చూపిస్తాయి. రోజుకి కొన్ని గంటలే నీళ్ళు వదిలే చోట ఇంకో తమాషా. పైపు ఖాళీ అయ్యాక మళ్ళీ నీళ్ళు వదిలితే ముందు గాలి తోసుకొస్తుంది, ఆ గాలికీ మీటరు గిర్రున తిరుగుతుంది. ఒకటే రేటున్నప్పుడు దీని నష్టం చిన్నది. మీటరు 30 దాటాక ఆ గాలికి రెండున్నర రెట్లు కడతారు.

అసలు నేను అడిగేది ముసాయిదాలో లీకుల అధ్యాయం ఎంత ఉందని. ప్లాంటు నుంచి బయల్దేరిన నీళ్ళలో ఎంతకి బిల్లు పడుతోంది? కంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో 72 శాతం నీటికి లెక్కా పత్రం లేదు. ఏక్ సోన్ చాన్ అనే ఇంజినీరు పగ్గాలు తీసుకున్నాడు. దొంగ కనెక్షన్లు పీకించాడు, సొంత సిబ్బందిలో చేతివాటం ఉన్నవాళ్ళని దారికి తెచ్చాడు, బిల్లు కట్టని సర్కారు ఆఫీసుల్నీ పెద్దమనుషుల్నీ వదల్లేదు. మీటరు పెట్టబోతే ఒక సైన్యాధికారి తుపాకీ చూపించాడని ఆయనే చెప్పాడు. చివరికి ఆ నష్టం 6 శాతం దాకా దిగింది. 2006లో మెగసెసే అవార్డు ఇచ్చారు.

ఈ చర్చకి కావలసింది తర్వాతి ముక్క. అక్కడా ఛార్జీలు పెంచారు. మూడు విడతల్లో పెంచాలనుకున్నారు. రెండు విడతలయ్యేసరికి వసూళ్ళు పుంజుకుని, మూడోది అక్కర్లేకపోయింది. మన ముసాయిదాలో మాత్రం ఏటా 5 శాతం, షరతుల్లేవు, ఆగే చోటు లేదు. పద్నాలుగు పదిహేనేళ్ళలో రెట్టింపు. లీకులు తగ్గించినా పెరుగుతుంది, తగ్గించకపోయినా పెరుగుతుంది. ఇక తగ్గించే పని ఎవడు పెట్టుకుంటాడు?

లెక్కలపుస్తకం

పైపులాయన గారితో ఇక్కడ నాకు పేచీ లేదు. ఏటా ఒక షరతు పెట్టి, అది నెరవేరితేనే పెంపు అనొచ్చు. కానీ పెంపే వద్దంటే అయిదారేళ్ళు రేట్లు ముట్టుకోకుండా కూర్చుని, తర్వాత ఒక్కసారిగా ఇలాంటి ముసాయిదాతో మీద పడతారు. ఎన్నికల ముందు ఎవరూ పెంచరు కదా.

నిలదీత

కట్టలేనివాళ్ళ సంగతి? డెట్రాయిట్‌లో 2014లో బకాయిలున్న వేల ఇళ్ళకి నీళ్ళు కట్ చేశారు, ఐక్యరాజ్యసమితి నిపుణులు తప్పుపట్టాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లో బకాయి ఉందని ఇంటికి నీళ్ళు ఆపడాన్ని 1999 చట్టంతో నిషేధించారు. నీటి సంస్థలు ప్రైవేటువైన దేశంలోనే! ముసాయిదాలో అలాంటి వాక్యం ఒక్కటి చూపించండి, నేను నోరు మూసుకుంటాను.

చెరువుగట్టు

లేదు. 'బకాయిదారులపై కఠిన చర్యలు' అని మాత్రం ఉంది.

తూము

కనెక్షన్ ఫీజు రెట్టింపు గురించి ఎవరూ మాట్లాడటం లేదు, ఎందుకంటే ఇక్కడున్న అందరికీ కనెక్షన్ ఉంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏరిస్‌లో 1993లో కొత్త యాజమాన్యం వచ్చాక, పైపు వేసిన ఖర్చంతా కొత్తగా చేరేవాళ్ళ మీదే వేశారు. వాళ్ళంతా ఊరి చివర పేదలు, కట్టలేకపోయారు. చివరికి 1997లో ఆ పద్ధతి మార్చి, పాతవాళ్ళతో సహా అందరి బిల్లులో చిన్న మొత్తం కలిపారు. పాతవాళ్ళు సణిగారు, అది వేరే విషయం.

గుండుసున్నా

మేడమీదగది గారి సమస్యకి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మీటరు మీద ఎన్ని కుటుంబాలుంటే స్లాబుని అన్ని రెట్లు చేయడం. ఆరు కుటుంబాలైతే మొదటి స్లాబు 90 కిలోలీటర్లు. రెండోది, స్లాబులే తీసేసి అందరికీ అసలు ఖర్చుకి సరిపడే ఒకటే రేటు పెట్టి, ప్రతి కుటుంబానికీ బిల్లులో ఇంత అని తగ్గించడం. విటింగ్టనూ, జాన్ బోలండ్ అనే ఇంకొకాయనా కలిసి 2000లో రాసింది ఇదే. నాకు రెండోది నచ్చింది. చివరి లీటరు ధర అందరికీ ఒకటే, పొదుపు చేస్తే అందరికీ మిగులుతుంది.

మేడమీదగది

రెండూ బాగానే ఉన్నాయి. కుటుంబాల్ని లెక్కపెట్టేది ఎవరు?

దక్షిణాఫ్రికాలో నెలకి ఇంటికి 6 కిలోలీటర్లు ఉచితం అన్నారు. ఇంట్లో ఎనిమిది మంది, తలా రోజుకి 25 లీటర్లు అని ఊహించుకుని పెట్టిన అంకె అది. ఇంట్లో అంతకంటే ఎక్కువమంది ఉంటే? జొహానెస్‌బర్గ్ నగరంలోని సొవెటోలో ఫిరి బస్తీ వాళ్ళు కోర్టుకెళ్ళారు. కింది కోర్టు మనిషికి 50 లీటర్లంది, పై కోర్టు 42 అంది, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రెండూ కొట్టేసి నగరం పెట్టిన లెక్కే సబబంది. మనుషుల్ని తక్కువ లెక్కపెడితే తర్వాత ఏ కోర్టూ ఆదుకోలేకపోవచ్చు.

మా ఓనరు ఆరు కుటుంబాలున్నాయని రాసివ్వడు. రాసిస్తే అద్దెల లెక్క బయటపడుతుంది. ఆయన బిల్లు పెరిగితే మా మీద వేస్తాడు, ఆయనకి పోయేదేముంది?

లెక్కలపుస్తకం

అందుకే నేను రేటుతో పేదరికాన్ని సరిచేయాలనుకోవడం మానేయమంటాను. రేటు ఖర్చుని బట్టి పెట్టండి, సాయం విడిగా చేయండి. చిలీలో 1990 నుంచి పేద కుటుంబాల నీటి బిల్లులో కొంత భాగం ప్రభుత్వమే భరిస్తోంది. ఫిలడెల్ఫియాలో 2017 నుంచి తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ నీటి బిల్లు వాళ్ళ ఆదాయంలో 2 నుంచి 4 శాతమే.

మేడమీదగది

ఆ సాయం ఎవరి పేరు మీద వస్తుంది? బిల్లు ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. బిల్లు మా పేరున లేదు. పేదల జాబితాలో చేరడానికి ఏ పేరున బిల్లు చూపించాలో మీరే చెప్పండి.

లెక్కలపుస్తకం

దానికి నా దగ్గర జవాబు లేదు. కుటుంబానికొక సబ్-మీటరు పెట్టించమని అడగొచ్చు, కానీ ఒకే పైపు మీద నడిచే పాత బిల్డింగుల్లో ప్లంబింగు మొత్తం మార్చాలి. దాని ఖర్చూ మళ్ళీ అద్దెలోకే వస్తుంది.

పైపులాయన

ఎవరెవరు ఎంతమంది ఉంటున్నారో సంస్థకి తెలియదని మాత్రం అనుకోకండి. మీటరు రీడింగుకి వచ్చే కుర్రాడికి ఏ గేటు వెనక ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో తెలుసు. రాసుకురమ్మంటే రాసుకొస్తాడు. ఎవరూ అడగరు.

అభ్యంతరం రాసేవాళ్ళు 'అన్యాయం' అని రాసి వదిలేయకండి, అలాంటివి కట్ట కట్టి పక్కన పడేస్తారు. కాగితాలు అడగండి. ఏ స్లాబులో ఎన్ని మీటర్లు పడతాయి, వాటిలో ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని విడి ఇళ్ళు? రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య, జనం నిద్రపోయే వేళ, ఒక్కో ఏరియాలో పైపులో ఎంత నీరు కదులుతోంది? ఆ వేళ కదిలే నీటిలో ఎక్కువ భాగం లీకే. ఈ అంకెలు లేకుండా రేటు పెట్టారంటే గాలిలో పెట్టినట్టే.

చెరువుగట్టు

సరే, ఉమ్మడి అభ్యంతరం నేను రాస్తాను. కుటుంబాల సంఖ్యని బట్టి స్లాబు, మురుగు ఛార్జీ బిల్లు మీద కాకుండా లీటర్ల మీద, లీకుల షరతు లేకుండా ఏటా పెంపు వద్దు, బకాయి పేరుతో నీళ్ళు ఆపమని రాతపూర్వకంగా, కనెక్షన్ ఫీజు వాయిదాల్లో. ఫిక్స్‌డ్ ఛార్జీ 8 నుంచి 5కి తగ్గించాలని కూడా.

లెక్కలపుస్తకం

చివరిదానికి నేను ఒప్పుకోను, 8 కూడా తక్కువే. ఒంటరిగా ఉండేవాళ్ళకి అందులో విడిగా రాయితీ ఇవ్వమని రాయండి, మిగతా అన్నిటికీ సంతకం పెడతాను.

నిలదీత

నేను పెట్టను. బకాయిల మీద నీళ్ళు ఆపొద్దన్న ముక్కని విడిగా రాస్తే దానికి పెడతాను. రేట్ల బేరానికి నా పేరు వద్దు.

మేడమీదగది

నేను ఆన్‌లైన్‌లో సొంతంగా పంపుదామని కూర్చున్నాను. ఫారంలో మొదటి గడి: కనెక్షన్ నంబరు. అది నింపకపోతే ముందుకి పోవడం లేదు. అద్దెకుండేవాళ్ళకి నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైపులాయన

తెల్ల కాగితం మీద రాసి ఆఫీసు ఇన్‌వార్డ్‌లో ఇవ్వండమ్మా. రెండు కాపీలు తీసుకెళ్ళండి, మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోకుండా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.